మల్లిని ఎవరు అడిగారు?

కద్మాలోని ఆ కంపెనీ క్వార్టర్‌లో ఓ ఉదయం మల్లి తన ఛాతీ మీది బొచ్చు తానే పీక్కుంటూ కనిపించింది. పీకిన బొచ్చును ఎండుగడ్డితో కలిపి బీరువా వెనక మెత్తగా పరుచుకుంది. ఇక నేడో రేపో పిల్లలే అని ఇంటిల్లిపాదీ కాచుకు కూర్చున్నారు. వారం గడిచినా ఏమీ పుట్టలేదు. అది ఉత్తుత్తి చూలు అని తేల్చాడు పశువైద్యుడు. ఆడ కుందేళ్లలో ఇది కొత్తేమీ కాదు.

ఆ గూడే ఇంట్లో తగవు పెట్టింది.

జంషెడ్‌పూర్‌లోని సాక్చి బజారులో కొన్నప్పుడు రెండూ ఆడవేనన్నారు. పదేళ్ల పాప వాటికి మల్లి, జాజి అని పేర్లు పెట్టుకుంది. ఐదో నెలలో జాజి మగదని బయటపడింది. వెంటనే రెండింటి మధ్యా తీగ అడ్డం వచ్చింది. అప్పటి నుంచీ రెండూ తీగకు అటొకటి, ఇటొకటి ఆనుకుని పడుకుంటున్నాయి. పాపకు ఒక్కసారైనా పిల్లల్ని చూడాలని కోరిక. తల్లికి రెండింటికీ ఆపరేషన్ చేయించాలని పట్టుదల. తండ్రి ఎటూ తేల్చడు. శ్రీకాకుళం జిల్లా నుంచి కోడలిగా ఈ ఉక్కు నగరానికి వచ్చిన మామ్మది మరో మాట. జాజి విషయంలో ఆవిడకు అభ్యంతరం లేదు. ఊళ్లో ఎద్దులకు విత్తులు కొట్టించడం చూసిన మనిషే. "ఆడదానికి మాత్రం ఒక్క ఈతైనా లేకుండా కడుపు కోయిస్తారేటి?" అన్నది ఆవిడ ప్రశ్న.

తల్లి లెక్క వేరు. కుందేలుకు చూలు 31 రోజులే. ఒక్కో ఈతలో నాలుగు నుంచి పన్నెండు పిల్లలు పుట్టొచ్చు. ఈనిన రోజే మళ్లీ కట్టే అవకాశమూ ఉంది. పుట్టిన పిల్లలు ఐదారు నెలలకే ఈడుకొస్తాయి. వాటిని ఎవరికిస్తారు? ఇరుగుపొరుగును అడిగితే అందరూ ముచ్చటపడ్డారు, తీసుకుంటామన్నవారు ఇద్దరే. ఒకాయన కూరకు ఏ వయసులో బాగుంటుందని ఆరా తీశాడు. అమ్మిన వ్యాపారి మాత్రం ఎన్ని ఉన్నా కొంటానన్నాడు. వాటిని తన దగ్గర ఎవరు, దేనికి కొంటారో చెప్పలేదు. ఆ తర్వాత పాప మళ్లీ పిల్లల ఊసెత్తలేదు.

జాజి ఒక్కదానికే చేయిస్తే సరిపోదా అన్నాడు తండ్రి. పిల్లలు పుట్టకుండా ఉండటానికైతే సరిపోతుంది. కానీ నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లకు గర్భసంచి క్యాన్సర్ ముప్పు ఎక్కువ. కొన్ని జాతుల్లో అది సగానికి పైగా వాటిని పట్టుకుంటుందని పశువైద్య గ్రంథాలు చెబుతున్నాయి. ఇంట్లో పెరిగే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. ఒక్క ఈత ఈనినంత మాత్రాన ఆ ముప్పు తప్పదు.

అలాగని ఆపరేషన్ నల్లేరు మీద నడకా కాదు. బ్రిటన్‌లో 2008లో వెలువడిన అధ్యయనం ప్రకారం మత్తు ఇచ్చిన 48 గంటల్లోపు చనిపోయినవి కుక్కల్లో 0.17 శాతమైతే, కుందేళ్లలో 1.39 శాతం. ఆరోగ్యంగా ఉన్న కుందేళ్లను మాత్రమే లెక్కిస్తే 0.73 శాతం. కుక్కలకు రోజూ ఆపరేషన్లు చేసే డాక్టర్లు కూడా కుందేలు అనగానే వెనకాడతారు. తెలిసినవాళ్ల కోసం రాంచీ దాకా వెళ్లాలంటే సుమారు 130 కిలోమీటర్లు. వేసవిలో ఆ ప్రయాణమే కుందేలుకు గండం.

ఓ రాత్రి కోడలు ఈ అంకెలన్నీ చెబుతుంటే మామ్మ మధ్యలో ఆపింది. 1983లో మూడో కాన్పు తర్వాత తాను కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నప్పుడు అత్తగారు నాలుగు రోజులు మాట్లాడలేదట. "అయితే ఆ రోజు డాక్టరమ్మ నన్నడిగింది, నేను ఒప్పుకున్నాను. దీన్నెవరు అడిగారు?"

కోడలు కాసేపు మాట్లాడలేదు. "ఎవరూ అడగలేరు అత్తయ్యా. ఈనమన్నా దాన్ని అడగనట్టే కదా" అంది చివరికి.

మామ్మ జవాబివ్వలేదు. మర్నాడు మాత్రం చలికాలం ఎప్పుడు మొదలవుతుందో క్యాలెండర్‌లో తానే చూసింది.

ముందు జాజి వంతు అయింది. ఆపరేషన్ తర్వాత కూడా మగ కుందేలు కొన్ని వారాలు చూలు కట్టించగలదు కాబట్టి తీగ ఆరు వారాలు అలాగే ఉంది. చలి మొదలయ్యాక మల్లి వంతు వచ్చింది. ముందురాత్రి నుంచి దానికి ఏమీ పెట్టకూడదేమోనని మామ్మ బెంగ. అక్కర్లేదన్నాడు డాక్టర్. కుందేలు వాంతి చేసుకోలేదు, పైగా దాని పేగులు ఖాళీగా ఆగిపోతేనే ప్రమాదం. మత్తు దిగగానే ఏదో ఒకటి తినేలా చూడమన్నాడు.

రాంచీ బయల్దేరే వేళ కారులో మల్లి బుట్ట పక్కన మరో సంచి కనిపించింది. తడిగుడ్డలో చుట్టిన కొత్తిమీర కట్టలు. పాప లెక్కపెడితే ఆరు తేలాయి.

"అన్నెందుకు మామ్మా?"

"లేవగానే దానికేది నచ్చుతుందో మనకేం తెలుసు? అందులో మెంతికూర కూడా ఉంది చూడు."