మా అర్హత ఏమిటో అడగండి

మా ఎదుట వచ్చి కూర్చునే ప్రతి వ్యక్తికీ మేము ముందుగా చెప్పే మాట ఒక్కటే: "మేము ఇంకా శిక్షణలో ఉన్నవారము. మా పనిని అనుభవజ్ఞురాలైన ఒక నిపుణురాలు పర్యవేక్షిస్తున్నారు. ఈ సంగతి తెలిసిన తరువాత కూడా మీకు సమ్మతమైతేనే మాట్లాడుకుందాము." ఈ మాట వినగానే కొందరి ముఖాలలో నిరాశ కనిపిస్తుంది. ఎంతో దూరం నుండి, ఇంట్లో ఏదో ఒక సాకు చెప్పి వచ్చిన తల్లి "అయితే పెద్ద డాక్టరమ్మ లేరా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న మమ్మల్ని నొప్పించదు. అది ప్రతి ఒక్కరూ అడగవలసిన ప్రశ్న. అడగనివారే ఎక్కువగా ఉండటం మా బాధ.

మేము ముగ్గురము. మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. ముగించుకొని, క్లినికల్ సైకాలజీ రెండేళ్ల శిక్షణలో రెండవ ఏట ఉన్న సహాధ్యాయినులము. హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో సలహా కోరి వచ్చేవారితో కూర్చుంటాము. వారిలో మన సముదాయపు స్త్రీలు తక్కువేమీ కారు. ఈ చదువును గురించి, ఈ చికిత్స జరిగే తీరును గురించి వారి కుటుంబాలలో ఉన్న సందేహాలు మాకు కొత్తవి కావు. మా ఇళ్లలోనూ అవే వినిపించాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా అర్హత సంగతి. మనసుకు సంబంధించిన బాధతో ఆసుపత్రికి వెళ్తే సాధారణంగా ఇద్దరు నిపుణులు తారసపడతారు. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపై మానసిక వైద్యంలో ప్రత్యేక విద్య పూర్తి చేసిన వైద్యులు. మందులు రాసేది వారు. క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వశాస్త్రం చదివి, ఆసుపత్రిలో శిక్షణ పొంది, సమస్యను పరీక్షించి, సంభాషణ ద్వారా చికిత్స చేసేవారు. వీరు మందులు రాయరు. 1992లో పార్లమెంటు ఆమోదించిన చట్టం కింద పనిచేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఈ శిక్షణను గుర్తించి, పూర్తి చేసినవారి పేర్లను కేంద్ర రిజిస్టరులో చేర్చుతుంది. మా పేర్లు ఇంకా ఆ రిజిస్టరులో లేవు. శిక్షణ ముగించి, పరీక్షలో ఉత్తీర్ణులమైన తరువాతనే చేరుతాయి. అంతవరకు మేము స్వతంత్రంగా క్లినిక్ తెరవరాదు. పర్యవేక్షణ లేకుండా ఎవరికీ చికిత్స చేయరాదు.

ఇక బజారులో కనిపించే బోర్డుల సంగతి వేరు. "కౌన్సెలర్" అనే మాట ఎంతో మందికి ఆశ్రయమైంది. సంవత్సరాల తరబడి చదివి, నిజాయితీగా సేవ చేస్తున్న కౌన్సెలర్లు ఉన్నారు. కొద్ది రోజుల తరగతులు విని, సర్టిఫికెట్టును గోడకు తగిలించుకున్నవారూ ఉన్నారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కొన్ని రకాల కౌన్సెలర్లను కూడా ఒక క్రమంలోకి తీసుకురావడానికి ఉద్దేశించినదే. కానీ చట్టం తన పని తాను చేసేలోగా, తలుపు తట్టే మనిషికి తన రక్షణ తానే చూసుకోవలసిన అవసరం ఉంది.

ఈ విషయంలో మన ధర్మం మనల్ని చీకటిలో వదలలేదు. వైద్య జ్ఞానం ఉన్నట్లు ఎవరికీ తెలియని మనిషి వైద్యానికి పూనుకుంటే, కలిగిన నష్టానికి అతడే బాధ్యుడని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు అబూ దావూద్ హదీసు సంకలనం తెలుపుతోంది. శరీరానికి వర్తించే ఈ నియమం మనసుకు వర్తించదని ఎలా అనగలము? తప్పుగా వేసిన కట్టు ఎముకను వంకర చేస్తుంది. తప్పుగా పలికిన మాట కూడా మనిషిని ఏళ్ల తరబడి వంకర చేయగలదు. కనుక మమ్మల్ని అర్హత అడిగేవారు మమ్మల్ని అవమానించడం లేదు. ఆ బాధ్యతను మాకు గుర్తుచేస్తున్నారు.

శిక్షణ అంటే పుస్తకాలు చదవడం మాత్రమే కాదు. ఒకరితో ముప్పావు గంట కూర్చున్న తరువాత, ఆ సంభాషణను రాసుకొని మా పర్యవేక్షకురాలి ముందు ఉంచుతాము. ఆమె ఒక్కో మాటను పట్టుకొని అడుగుతారు: "ఇక్కడ ఆమె ఏడుస్తుండగా నీవు ఓదార్పు మాట చెప్పావు. ఆ ఓదార్పు ఆమెకు అవసరమైందా, ఆ ఏడుపు చూడలేక నీకు అవసరమైందా?" ఇటువంటి ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ గడిచిన సాయంత్రాలే మా అసలైన చదువు. సలహా కోరి వచ్చినవారికి ఈ పర్యవేక్షణ సంగతి మొదటి రోజే చెబుతాము. వారి మాట మాతో పాటు మరెవరి చెవిన పడుతుందో తెలుసుకోవడం వారి హక్కు.

మేము పనిచేసే తీరును వివరించమంటే ఒక హదీసు జ్ఞాపకం వస్తుంది. హజ్రత్ అబూ ఉమామా (రజి) ఉల్లేఖనంగా ముస్నద్ అహ్మద్‌లో ఉన్నది. ఒక యువకుడు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి వ్యభిచారానికి అనుమతి కోరాడు. చుట్టూ ఉన్నవారు అతన్ని గద్దించారు. ఆయన (స) మాత్రం అతన్ని దగ్గరకు రమ్మని, కూర్చోబెట్టి, ఆ పని నీ తల్లి విషయంలో నీకు ఇష్టమేనా, నీ కుమార్తె, నీ సోదరి విషయంలో ఇష్టమేనా అని ఒక్కొక్కటిగా అడిగారు. ప్రతిసారీ ఆ యువకుడే కాదన్నాడు. చివరకు ఆయన (స) అతనిపై చేయి ఉంచి దుఆ చేశారు. దగ్గరకు తీయడం, ప్రశ్నించడం, జవాబును అతని నోటనే పలికించడం ఇందులో ఉన్నాయి. నేడు మా తరగతి గదిలో అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ పేరుతో ఎదుటివారిని నిందించకుండా వినడం గురించి చదువుతున్నప్పుడు, ఆ యువకుడు మా కళ్లముందు మెదులుతూనే ఉంటాడు.

"మనోవ్యాధి ఈమాన్ బలహీనతకు గుర్తు కాదా?" అని మమ్మల్ని తరచుగా అడుగుతారు. ప్రియ కుమారుని ఎడబాటులో హజ్రత్ యాఖూబ్ (అ) కళ్లు దుఃఖంతో తెల్లబడ్డాయని దివ్య ఖుర్‌ఆన్ తెలుపుతోంది. ఒక దైవప్రవక్త విశ్వాసాన్ని శంకించే సాహసం ఎవరికి ఉంది? దుఃఖం వేరు, అవిశ్వాసం వేరు. ఈ సంగతి మన పండితులకు ఏనాడో తెలుసు. క్రీ.శ. 934లో కన్నుమూసిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహ ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం రెండింటినీ కలిపి ఒకే గ్రంథం రచించారు. కారణం తెలిసిన దుఃఖం ఒకటి, కారణం తెలియకుండా దేహంలోని మార్పుల వల్ల కలిగే దుఃఖం మరొకటి అని విభజించారు. ఆపద కోసం ఇంట్లో మందులు దాచుకున్నట్లే, కష్టకాలం కోసం మంచి ఆలోచనలను ముందుగానే కూడబెట్టుకోవాలని సూచించారు. ఆలోచనలను పరిశీలించి సరిదిద్దుకునే చికిత్సను 1960ల దశకంలో ఆరన్ బెక్ రూపొందించారు. మేము నేర్చుకునే పద్ధతులలో అది ముఖ్యమైనది. దాని పక్కనే బల్ఖీని ఉంచి చదివినప్పుడు, ఈ విద్య మనకు పరాయిది కాదని అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాము. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చి, ఆమె అనుమతి తీసుకొని రాస్తున్నాము. తొలి కాన్పు అయిన యువతి. చిల్లా స్నానం ముగిసి నెల దాటింది. బిడ్డ నిద్రపోయినా ఆమెకు నిద్ర పట్టదు. జానమాజుపై నిలబడితే ఎన్నవ రకాతులో ఉన్నదో గుర్తుండదు. బంధువులలో ఒకరు దిష్టి అన్నారు, ఒకరు తావీజు తెచ్చి కట్టారు, మరొకరు ఖుర్‌ఆన్ పారాయణం తగ్గినందువల్లనే అన్నారు. ఆమె మాతో, "అల్లాహ్ నన్ను వదిలేశాడేమో అనిపిస్తున్నది" అన్నది.

ఆ మాటకు వెంటనే ఒక ఆయతు చదివి సమాధానం చెప్పడం సులభమే. అది ఆమెకు తెలియని ఆయతు కాదు. మేము వేరే ప్రశ్న వేశాము: "బ్రతుకు వద్దనిపిస్తున్నదా?" ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగేవారు దొరకడమే చాలామందికి ఊరట. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, రెండు రాత్రులు మేడమీదకు వెళ్లి పిట్టగోడ దగ్గర నిలబడి వచ్చానని చెప్పింది.

అక్కడ మా హద్దు వచ్చింది. ఆ హద్దును గుర్తించడం కూడా అర్హతలో భాగమే. అదే గంటలో పర్యవేక్షకురాలు వచ్చారు, సైకియాట్రిస్టు చూశారు. బిడ్డకు పాలిస్తున్న సంగతి దృష్టిలో ఉంచుకొని మందు నిర్ణయించారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉన్నట్లు తేలింది, దానికీ చికిత్స మొదలైంది. ఆమెకు ముందుగా చెప్పి, ఆమె ఎదుటనే భర్తకు ప్రమాదం సంగతి తెలియజేశాము: మేడ తలుపుకు తాళం వేయాలి, ఆమెను ఒంటరిగా ఉంచరాదు, రాత్రివేళ బిడ్డను మరొకరు చూసుకోవాలి. మిగిలిన విషయాలు ఆమెవి. వాటిని అతనికి చెప్పలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చికిత్స పొందేవారి రహస్యాన్ని హక్కుగా గుర్తించి, ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు ఇచ్చింది. తరువాత వారం వారం ఆమెతో కూర్చున్నాము. మొదట తిరిగివచ్చింది నిద్ర. నమాజులో రకాతుల లెక్క ఎప్పుడు కుదిరిందో ఆమెకే తెలియలేదు. నాలుగవ నెలలో ఒకరోజు నవ్వుతూ చెప్పింది.

ఈ మధ్యలో ఒకసారి ఆమె అత్తగారు వచ్చారు. "బేటా, నా గురించి ఏం చెప్పింది?" అని నేరుగా అడిగారు. ఆమెలో దురుద్దేశం లేదు, భయం ఉంది. "అమ్మా, ఆమె మాట మా దగ్గర అమానతు. మీరు చెప్పే మాటనూ ఆమెకు చేరవేయము" అన్నాము. మాట్లాడుతున్న మనిషి చుట్టూ ఒకసారి చూశాడంటే, అతని మాట విన్నవారి వద్ద అమానతు అవుతుందని ప్రవక్త (స) బోధించినట్లు హదీసు ఉంది కదా! ఆ పెద్దావిడ కొంతసేపు ఊరకుండి, తలుపు వైపు ఒకసారి చూసి, "అయితే నేను కూడా ఒక మాట చెప్పుకోవచ్చునా?" అన్నారు. ఆమె ఏమి చెప్పుకున్నారో ఇక్కడ రాయడానికి మాకు అనుమతి లేదు.

మా గదిలో ధర్మానికి చోటు ఉన్నదా అని కొందరు పెద్దలు అడుగుతారు. తప్పక ఉన్నది. వచ్చినవారు దుఆలో ఊరట పొందుతుంటే ఆ బలాన్ని చికిత్సలో భాగం చేసుకుంటాము. నమాజు వేళలను బట్టి దినచర్యను అమర్చుకోవడంలో సాయపడతాము. కానీ మేము ఫత్వాలు ఇవ్వము. తలాఖ్, ఇద్దత్, ఆస్తి పంపకం వంటి ప్రశ్నలను నమ్మకమైన ఆలిముల వద్దకు పంపుతాము. అలాగే ఆలిములు కూడా, నిద్రాహారాలు మాని మరణాన్ని కోరుకునే మనిషి తమ వద్దకు వచ్చినప్పుడు దుఆ చేసి, వైద్యుని వద్దకు పంపాలని వినమ్రంగా కోరుతున్నాము. ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్న బోధ మనందరికీ తెలిసినదే.

కనుక మీ ఇంట్లో ఎవరినైనా కౌన్సెలింగ్‌కు తీసుకువెళ్లినప్పుడు మొహమాటపడకండి. ఏమి చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, నమోదు సంఖ్య ఉన్నదా, శిక్షణలో ఉంటే పర్యవేక్షిస్తున్నది ఎవరు, మా మాట ఎవరికి తెలుస్తుంది, మీ వల్ల కాకపోతే ఎవరి వద్దకు పంపుతారు అని అడగండి. జవాబు చెప్పడానికి చిరాకుపడేవారి వద్ద, నూటికి నూరుపాళ్లు నయం చేస్తామని మాట ఇచ్చేవారి వద్ద మనసు విప్పకండి. వెళ్లే వీలు లేనివారు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి, ప్రభుత్వ టెలి మానస్ సేవకులతో తెలుగులోనే మాట్లాడవచ్చు.

సలహా అడగబడినవాడు అమానతుదారుడని ప్రవక్త (స) బోధించారు. రేపు మా పేర్లు రిజిస్టరులో చేరవచ్చు, చేతికి పట్టా రావచ్చు. ఆ అమానతు మాత్రం ఈనాడే మా చేతిలో ఉన్నది. దానిని నెరవేర్చే జ్ఞానాన్ని, తెలియనిచోట ఆగిపోయే వినయాన్ని అల్లాహ్ మాకు ప్రసాదించుగాక! బాధతో మౌనంగా ఉన్న ప్రతి ఇంటికీ స్వస్థతను అనుగ్రహించుగాక! ఆమీన్.