రంగారావు, సూర్యకాంతం, మా అత్తగారు

గోడకి పెద్ద టీవీ వచ్చాక మా ఇంట్లో బొమ్మ పెద్దదయింది, మాట చిన్నదయింది.

పూర్వం మా డబ్బా టీవీకి ముందు వైపు ఇటూ అటూ చిల్లుల జాలీ వుండేది. మాట ఆ జాలీలోంచి నేరుగా మొహం మీదికి వచ్చేది. ఇప్పటి టీవీ పళ్ళెంలా పల్చన. అంత పల్చటి దాంట్లో స్పీకర్లకి చోటెక్కడిది? అగ్గిపెట్టెలంతేసివి రెండు పెట్టి, కిందికో వెనక్కో తిప్పేశారు. మాట ముందు బల్లకో గోడకో కొట్టుకుని, ఆ తర్వాత మన దగ్గరికి వస్తుంది. పెళ్ళికి ఎదురుగా వచ్చి పిలవకుండా పక్కింటివాళ్ళ చేత కబురంపినట్టన్నమాట.

పైగా మాది భీమడోలు. హౌరా నుంచి చెన్నై వెళ్ళే రైలు దారి మా ఊరి మీదుగానే పోతుంది. రైలు వెళ్ళినప్పుడల్లా కథలో ఒక మలుపు కూడా దాని వెంటే వెళ్ళిపోతుంది. హీరోయిన్ ఎందుకు ఏడ్చిందో మాకు తెలిసేసరికి బండి పూళ్ళ దాటిపోతుంది.

ఇన్నాళ్ళూ ఇదంతా నవ్వుకునే సంగతిగానే వుండేది. కిందటి దసరాకి పిల్లలొచ్చినప్పుడు ఒక రాత్రి అందరం కూర్చుని సినిమా చూస్తున్నాం. ఏదో హాస్యం వచ్చింది, అందరం నవ్వాం. మా అత్తగారూ నవ్వారు, కానీ ఒక్క క్షణం ఆలస్యంగా. మళ్ళీ నవ్వు వచ్చింది, మళ్ళీ ఆలస్యం. అప్పుడు గమనించాను. ఆవిడ తెర వైపు చూడటం లేదు. మా మొహాలు చూసి నవ్వుతున్నారు!

నా గుండెలో కలుక్కుమంది. నాలుగేళ్ళుగా ఆవిడ సాయంత్రం కాగానే వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చుంటూంటే, "పెద్దావిడకి వైరాగ్యం వచ్చింది" అని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను నేను. వైరాగ్యమూ కాదు, వేదాంతమూ కాదు. వినబడక లేచిపోతున్నారు.

ఏలూరు తీసుకెళ్ళి చెవుల డాక్టరుకి చూపించాం. వయసుతో వచ్చేదేనట. ముందుగా సన్నటి, ఎత్తు శ్రుతి శబ్దాలు పోతాయట. మాటకి గట్టితనం అచ్చులది, అర్థం హల్లులది. స, ష, త, ఫ లాంటివి సన్నగా వుంటాయి. అవి జారిపోతే "తల" అన్నా "కల" అన్నా "అల" అన్నట్టే వినబడుతుంది. ఇక సౌండు ఎంత పెంచితే ఏం లాభం? మోత పెరుగుతుంది గానీ మాట తేరదు. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీ మోత అన్నట్టు, మా టీవీ మా అత్తగారికి తప్ప నాలుగిళ్ళ అవతల అందరికీ వినబడేది!

వినికిడి యంత్రం పెట్టుకోమన్నారు డాక్టరుగారు. "పండగ వెళ్ళనీ" అన్నారావిడ. ఏ పండగో చెప్పలేదు.

ఈలోగా టీవీకైనా మంచి గొంతు పెడదామనుకున్నాను. నా చీటీ డబ్బులో పదిహేను వేలు పక్కన పెట్టాను. అంతే, ఇంట్లో ఇద్దరు పండితులు బయల్దేరారు.

మా వారు వాట్లవాది. "ఎక్కువ వాట్లు రాసున్నది కొను, అదే మంచిది" అన్నారు. 1990లలో మేము కొన్న టూ ఇన్ వన్ మీద కూడా వేల వాట్లని రాసి వుండేది. పీఎమ్పీఓ అనేవారు. ఆ వేల వాట్లూ కలిసి మా వంటింట్లో కుక్కరు కూతకి జవాబు చెప్పలేకపోయేవి. తర్వాత తెలిసిందేమిటంటే, పీఎమ్పీఓకి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు. ఎవరి ఇష్టం వారిది. చూడవలసింది ఆరెమ్మెస్ అనే అంకె. మా హాలు లాంటి పన్నెండడుగుల గదికి అలాంటి వాట్లు ఇరవయ్యో ముప్పయ్యో వుంటే ధారాళం.

మా అబ్బాయి హోం థియేటర్‌వాది. "అమ్మా, ఫైవ్ పాయింట్ వన్ తీసుకో. ముందు మూడు, వెనక రెండు, మూల ఒక వూఫరు. సినిమా హాలే మనింటికి వస్తుంది" అన్నాడు ఫోనులో. వాడి మాటలోనూ నిజం వుంది. అలా తయారైన సినిమాలో పాత్రల మాటలు చాలావరకు మధ్య పెట్టెలోంచే వస్తాయి. మంచి మధ్య పెట్టె వుంటే మా అత్తగారికి అంతకంటే కావలసిందేముంది? కానీ పదిహేను వేలని ఆరు పెట్టెలకి పంచితే ఒక్కోదానికి వచ్చేది రెండున్నర వేలు. రెండు పెట్టెలకి పంచితే ఏడున్నర వేలు. ఈ లెక్కకి ఇంజనీరింగు చదవక్కర్లేదు, ఉన్న కూర ఆరుగురికి వడ్డించిన చెయ్యి చాలు. మా బడ్జెట్‌లో వచ్చే సెట్లలో మధ్య పెట్టె గుప్పెడంత వుంది. గుప్పెడంత పెట్టెలోంచి మగ గొంతు కూడా పిల్లాడి గొంతులా వస్తుంది.

అందుకని రెండే పెట్టెలు, బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, తీసుకుందామని నిశ్చయించాను. ఇంత చిన్న పెట్టెలు నిండుగా పలకడం ఎప్పటినుంచో వున్నది కాదు. పూర్వం మంద్రస్వరం సరిగ్గా రావాలంటే బీరువా అంతటి పెట్టె కావలసి వచ్చేది. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన, గాలి బయటికి పోకుండా పెట్టెని బిగించేసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకునే స్పీకరు తయారుచేశాడు. దాంతో పెట్టె అల్మారాలో పట్టేంత చిన్నదయింది.

వీటిలో మళ్ళీ రెండు జాతులు. ఒకదానికి ఆంప్లిఫయరు విడిగా కొనాలి. రెండోదానికి అది కడుపులోనే వుంటుంది. విడిగా కొనేవాళ్ళు స్పీకరు మీద డెసిబెల్స్ అంకె చూసుకోవాలి. ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిచిన శబ్దం అది. 88 అని వున్నది, 85 అని వున్న దానితో సమానంగా పలకడానికి సగం వాట్లు చాలు. తక్కువ మేత తిని ఎక్కువ పాలిచ్చే గేదె లాంటిదన్నమాట. నా పదిహేను వేలల్లో ఆంప్లిఫయరుకి వేరే డబ్బు లేదు గనక, కడుపులో వున్నవే చూశాను. హెచ్‌డీఎమ్ఐ ఏఆర్‌సీ అనే వైరు తగిలించే చోటుంటే టీవీ రిమోటుతోనే సౌండు తగ్గించుకోవచ్చు. బ్లూటూత్‌తో కలిపితే ఒక్కోసారి పెదవి కదిలిన కాసేపటికి మాట వస్తుంది. అసలే ఆలస్యంగా నవ్వే మనిషికి ఇంకో ఆలస్యం ఎందుకని వైరుకే ఓటేశాను.

ఏలూరులో ఒక కొట్టుకి వెళ్ళాం. కొట్టు కుర్రాడు ఉత్సాహంగా ఒక సినిమా పెట్టాడు. కార్లు పేలుతున్నాయి, మేడలు కూలుతున్నాయి, కొట్టు అద్దాలు గడగడలాడుతున్నాయి.

"ఇందులో ఎవరూ మాట్లాడరా, బాబూ?" అన్నాను.

"సౌండు చూడండి మేడమ్!" అన్నాడు.

ఇంకో కిటుకు కూడా వుంది. రెండు జతలు పక్కపక్కన వినిపిస్తే, కాస్త గట్టిగా మోగుతున్నదే మన చెవికి మంచిదనిపిస్తుంది. రెండింటి సౌండూ సమానం చేయించి వినాలి. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయలు కొన్న మనిషిని నేను. బస్తా పైన పేర్చిన పాయల్ని చూసి బేరమాడను, చెయ్యి లోపలికి పెట్టి తీసి చూస్తాను. స్పీకరుకైనా అంతే. వాళ్ళు పైన పేర్చిన పేలుళ్ళు కాదు, మనం తీసి చూసుకున్న గొంతు కావాలి.

ఆ గొంతులు నేను ముందే అనుకుని వెళ్ళాను: 'మాయాబజార్'. మా అత్తగారు పధ్నాలుగేళ్ళ వయసులో, 1957లో, చూసిన సినిమా. స్పీకరు పరీక్షకి అంతకంటే మంచి ప్రశ్నపత్రం లేదు. ఎంచేతనంటే పెట్టెలో పెద్దగా వుండే వూఫరు మంద్రస్వరాలు పలుకుతుంది, చిన్నగా వుండే ట్వీటరు తారస్వరాలు పలుకుతుంది. వూఫరు ఎలా వుందో తెలియాలంటే ఘటోత్కచుడుగా ఎస్.వి. రంగారావుగారు మాట్లాడాలి. ట్వీటరు సంగతి తేలాలంటే హిడింబగా సూర్యకాంతంగారు గొంతెత్తాలి. తల్లీ కొడుకూ ఒకే సినిమాలో! (రంగారావుగారు పుట్టింది నూజివీడులో. 2022లో జిల్లాలు మార్చాక నూజివీడు మా ఏలూరు జిల్లాలో కలిసింది గనక, ఆయన ఇప్పుడు మా జిల్లావారు కూడాను.) ఆ ఇద్దరికీ పని పంచే దాన్ని క్రాస్‌ఓవర్ అంటారు. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి వంటిది. అది సరిగ్గా పంచకపోతే ఇద్దరి గొంతూ చెడుతుంది.

ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, "అత్తయ్యగారూ, కళ్ళు మూసుకుని వినండి" అన్నాను. మొదటి జత విని, "రంగారావు నూతిలోంచి మాట్లాడుతున్నాడే" అన్నారు. రెండోది ఖరీదైనది. "సూర్యకాంతం గొంతు ఇత్తడి పళ్ళెం మీద గరిటె గీసినట్టుంది" అన్నారు. మూడోదానికి ఏమీ అనలేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఘటోత్కచుడితోపాటు తనూ అంటున్నారు!

కానీ అది కంఠతా వచ్చిన సినిమా. వినబడకపోయినా అప్పచెప్పగలరు. అందుకని ఫోనులో ఆనాటి వార్తలు పెట్టించి, ఒక్కో వాక్యం దగ్గర ఆపి, తిరిగి చెప్పమన్నాను. నాలుగు వాక్యాలు చెప్పారు. "ధర" అన్న ఒక్క మాటని "దొర" అన్నారు. కొట్టు కుర్రాడు నవ్వడం మానేసి, "మా మామ్మకి కూడా ఇలాగే చూడాలండీ" అన్నాడు మెల్లిగా.

ఆ మూడో జతే తెచ్చుకున్నాం. ఐదంగుళాల వూఫరు, పధ్నాలుగు వేలు.

ఇంటికొచ్చాక ఇంకో పరీక్ష. పేరు బుక్‌షెల్ఫ్ కదాని మా వారు వాటిని తీసుకెళ్ళి షోకేసులో, కొండపల్లి బొమ్మల మధ్య ఇరికించారు. తీరా పెడితే గొంతులన్నీ బానలో మూతి పెట్టి మాట్లాడినట్టున్నాయి. పుట్టింటి పేరు బుక్‌షెల్ఫే అయినా కాపురం అక్కడ బాగుండదన్నమాట. మూలకి నొక్కినా, గోడకి ఆనించినా మంద్రం ఉబ్బి మాటని మింగేస్తుంది. టీవీకి రెండు పక్కలా స్టూళ్ళ మీద, గోడకి జానెడు ఎడంగా, ట్వీటరు కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి వచ్చేట్టు పెట్టాం. మొహాలు కాస్త అత్తగారి కుర్చీ వైపు తిప్పాం. టీవీ సెట్టింగులో స్టీరియో పెట్టి, బాస్ తగ్గించాం.

అయినా గది గణగణమంటూనే వుంది. కింద గచ్చు నేల, చుట్టూ సున్నం గోడలు. మాట తగిలి తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతోంది. ఏం చెయ్యాలా అని చూస్తూంటే, అటక మీద చుట్టి పెట్టిన ఏలూరు తివాచీ గుర్తుకొచ్చింది. దులిపి స్పీకర్ల ముందు పరిచాను. కిటికీలకి దళసరి కర్టెన్లు వేశాను. పైసా ఖర్చు లేకుండా గది నోరు మూసుకుంది, స్పీకరు నోరు తెరుచుకుంది.

ఇంతా చేస్తే రెండు పెట్టెలు చెవుడు పోగొడతాయా అంటే, పోగొట్టవు. డాక్టరుగారు చెప్పిన యంత్రం సంగతి నేను వదల్లేదు, ఆవిడ "పండగ వెళ్ళనీ" అనడం మానలేదు. కానీ అరుగు మీదికి వెళ్ళడం మాత్రం తగ్గింది.

మొన్న ఆదివారం మళ్ళీ మాయాబజార్ పెట్టాం. మధ్యలో రైలొచ్చింది. మా వారు అలవాటుకొద్దీ రిమోటు తీసి సౌండు పెంచారు. బండి వెళ్ళిపోయింది. ఆయన రిమోటు సంగతే మరచి సినిమాలో పడిపోయారు.

"ఒరే, బండి వెళ్ళిపోయిందిగా! ఇంకా ఎందుకురా అంత మోత? తగ్గించు" అన్నారు మా అత్తగారు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

నాలుగేళ్ళుగా ఆవిడ నోట వినని మాట అది. మా వారు నావైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా తగ్గించారు.