ప్రయోగశాలనుండి పెట్టుబడిశాలకు

గడచిన వేసవి సెలవులలో నా పూర్వశిష్యుడొకడు భద్రాచలము వచ్చి, తాను పరిశోధన మానుకొని హైదరాబాదులోని పెట్టుబడి సంస్థ యొకదానిలో చేరితినని చెప్పెను. నాకు కోపము వచ్చిన మాట సత్యము. అడవిపల్లెలో పుట్టి, జీవసాంకేతిక శాస్త్రమున ఆరేండ్లు కృషిచేసి డాక్టరు పట్టము పొందినవాడు! "సరస్వతిని విడిచి లక్ష్మి వాకిట నిలిచితివా?" అని యడిగితిని. ఇట్టి మాటలు మా వృత్తివారి నోట సులభముగా వచ్చును. మాకు లక్ష్మితో పరిచయము తక్కువ గదా!

నా కోపమునకు లోపలి కారణము వేరొకటి కలదు. పదునైదేండ్ల క్రిందట మా తరగతిలో కోయబాలిక యొకతె తరచుగా బడి మానుచుండెను. కీళ్లనొప్పులని చెప్పెడిది. సాకులని తలంచి నేనామెను పదిమంది యెదుట నిలువబెట్టి మందలించితిని. పిమ్మట రక్తపరీక్షలో అది సికిల్ సెల్ వ్యాధి యని తేలెను. ఎఱ్ఱరక్తకణములు కొడవలివలె వంగి సన్నని నాళముల నడ్డగించుటచే భరింపరాని నొప్పి కలుగును. హిమోగ్లోబిన్ అణువులోని మార్పే దీనికి మూలమని 1949లో లైనస్ పౌలింగు బృందము చూపెను. ఆ లక్షణము తల్లిదండ్రులలో నొకరినుండి మాత్రమే సంక్రమించినచో మలేరియానుండి కొంత రక్షణ యిచ్చును. ఇరువురినుండి సంక్రమించినచో వ్యాధి యగును. మలేరియా చెలరేగిన మన్యసీమలలో అది తరతరములుగా నిలిచియుండుట కిదియే హేతువు. ఇదంతయు నేను పుస్తకములలో చదివి తెలిసికొంటిని. ఆ బాలికకు క్షమాపణ చెప్పుటకు మాత్రము నోరు రాలేదు. ఆనాడు అదే తరగతిలో కూర్చున్న యీ శిష్యుడు రక్తకణముల పరిశోధనకు పూనుకొన్నపుడు, నా ఋణము వాడు తీర్చునని లోలోపల సంతోషించితిని.

"మాస్టారూ, ఆరేండ్లు ఎలుకల రక్తమే చూశాను. అక్కడినుంచి మనిషిదాకా పోయే దారి మా ప్రయోగశాలలో లేదండీ" అని వాడనెను. మనుష్యులపై మూడు దశల పరీక్షలు, పదేండ్ల కాలము, కోట్ల ధనము కావలెనట. పేటెంటును చూచి బ్యాంకు అప్పీయదు. కావున నష్టమునకు సిద్ధపడినవారి ధనమును ప్రోగుచేసి పెక్కు సంస్థలలో పెట్టుదురు. వానిలో నధికభాగము నశించినను ఒకటి రెండు ఫలించిన చాలును. పరిశోధకుల మాటలలో నెంత నిజమో తేల్చుట వాని యుద్యోగము.

"ఆ ధనము ఎవరి రోగమువైపు పోవును?" అంటిని. రోగి మూలకణములను తీసి, జన్యువును సవరించి, తిరిగి యెక్కించు కాస్జెవీ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటనులోను, డిసెంబరులో అమెరికాలోను అనుమతి లభించెను. అమెరికాలో దాని వెల 22 లక్షల డాలర్లు. మన గూడెములలో నెవరు చెల్లింతురు?

వాడు శాంతా బయోటెక్నిక్స్ కథ యెత్తెను. ఎలక్ట్రానిక్సు ఇంజనీరైన వరప్రసాదరెడ్డిగారు 1993లో దానిని స్థాపించి, ఒమాను దేశస్థుల పెట్టుబడితో నిలబెట్టి, 1997లో హెపటైటిస్-బి టీకాను విదేశీ టీకా వెలలో కొద్దిభాగమునకే అందించిరి. పెట్టుబడి లేనిచో నది లేదు, నేనొప్పుకొంటిని. కాని 2009లో ఆ సంస్థ ఫ్రాన్సు దేశపు సనోఫీ చేతికి పోయినదని జ్ఞాపకము చేసితిని. వాడు బదులు చెప్పలేదు. నాకును జయించితినన్న తృప్తి కలుగలేదు.

కొంతసేపటికి, "ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందండీ?" అని యడిగెను. చర్ల వైపు కాపురమునకు పోయినదని చెప్పితిని. "భర్తకు రక్తపరీక్ష చేయించారా?"

నాకు తెలియదు. ఆమె పెండ్లికి పోయి అక్షతలు వేసి, భోజనము చేసి వచ్చితిని గాని, ఆ ప్రశ్న అడుగవలెనని తోచలేదు. కాస్జెవీ వెల కంఠస్థముగా నున్నది. కొద్దిపాటి ఖర్చుతో నగు పరీక్ష మాట మఱచితిని.

మఱునాటి యుదయము మేమిరువురము చర్ల బస్సెక్కితిమి.