అత్తిబెలెలో కారు పాట

వేలం అన్న మాట పోర్చుగీసు ఓడలెక్కి మన తీరానికి వచ్చిందంటారు తెలిసినవాళ్లు. వాళ్ల ‘లైలావ్’ తమిళంలో ఏలం, తెలుగులో వేలం, మరాఠీలో లిలావ్, ఒడియాలో నిలామ్ అయింది. కన్నడంలో హరాజు అంటారు. ఆ మాట రాయలసీమలోనూ ఉంది. మన పత్రిక చదివే కుటుంబాలు ఏ రాష్ట్రంలో స్థిరపడినా వీటిలో ఏదో ఒక మాట ఇంట్లో వినబడేదే. ధర చెప్పడాన్ని ‘పాట పాడటం’ అనడం మాత్రం మన తెలుగు సొగసు.

పాటల్లో రెండు రకాలు. హైదరాబాదు దగ్గర బాలాపూర్ గణపతి లడ్డూ పాట 1994లో 450 రూపాయలతో మొదలై, 2024 నాటికి 30 లక్షలు దాటింది. అక్కడ ఎంత ఎక్కువ పాడితే అంత గౌరవం. కారు పాట అలాంటిది కాదు. అక్కడ ఎక్కువ పాడినవాడు గెలిచినట్టే కనిపిస్తాడు గాని, ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే తెలుస్తుంది ఎవరు గెలిచారో.

మాది హోసూరు. తమిళనాడులో ఉన్నా అంగడి వీధిలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే నోట పలికే ఊరు. చంద్రచూడేశ్వరుడి కొండ దిగి పెద్దరోడ్డు పట్టుకుని బెంగళూరు వైపు బస్సెక్కితే అరగంటలోపే అత్తిబెలె. అక్కడికి కర్ణాటక మొదలు. ఆ రోడ్డు పక్కన సందులోకి తిరిగితే, ఒకప్పుడు మామిడితోట అయి ఉండవలసిన చోట ముళ్లకంచె వేసిన పెద్ద మైదానం. అప్పు కట్టలేక బ్యాంకులూ ఫైనాన్సు కంపెనీలూ స్వాధీనం చేసుకున్న బండ్లన్నీ అక్కడ చేరతాయి. ఆటోలు ఒక పక్క, ట్రాక్టర్లు ఒక పక్క, కార్లు వందల్లో. వానకు తడిసి, ఎండకు ఎండి, వాటి సందుల్లో వయ్యారిభామ మొలిచి ఉంటుంది. కొన్నిటి అద్దం మీద కుంకుమబొట్టు, ముందు కట్టిన నిమ్మకాయ ఎండిపోయి ఇంకా వేలాడుతుంటాయి.

మా అక్క కొడుకుకు ఒక కారు కావలసి వచ్చింది. బావగారికి వారానికి రెండుసార్లు డయాలిసిస్. టాక్సీల ఖర్చు తట్టుకోవడం కష్టమైంది. చేతిలో ఉన్నది 3 లక్షలు, అంతకు మించి ఒక్క రూపాయి లేదు. కొత్త అప్పు వద్దని అక్క పట్టుదల. అందుకే వాణ్ణి వెంటబెట్టుకుని ఈ మైదానానికి వెళ్లాను. ముప్పై ఏళ్లు బ్యాంకులో అప్పులిచ్చే వైపు కూర్చున్నవాణ్ణి; వేలంలో కొనే వైపు నిలబడటం నాకూ కొత్తే.

ఇప్పుడు పాట నోటితో పాడటం తక్కువ. బండ్లు చూసుకోవడానికి రెండు రోజులు ఇస్తారు. ధరావతు కట్టి పేరు నమోదు చేసుకుంటే, చెప్పిన రోజు చెప్పిన గంటకు ఫోనులోనే పాట. ఆఖరి నిమిషంలో ఎవరైనా పెంచితే గడువు మరి కొన్ని నిమిషాలు సాగుతుంది. గెలిచినా వెంటనే బండి మనది కాదు, బ్యాంకు ఒప్పుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఒకటుంది: బండి ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా. తరవాత ఇంజను మూలిగినా అడిగే దిక్కు లేదు. నడిపి చూడనివ్వరు. మహా అయితే స్టార్టు చేసి వినిపిస్తారు. అందుకే తెలిసిన మెకానిక్కును తీసుకుపోవాలి. చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీతో సరిపోల్చాలి. బకాయి చలానాలు ఉన్నాయేమో చూడాలి.

మాకు రెండు కార్లు నచ్చాయి. ఒకటి తెల్లది, 2019 నాటిది, కర్ణాటక నంబరు. పాలిష్ చేసినట్టు మెరుస్తోంది. చుట్టూ పదిమంది వ్యాపారులు. రెండోది బూడిదరంగుది, 2018 నాటిది, తమిళనాడు నంబరు. తలుపు మీద గీతలు, టైర్లు అరిగిపోయాయి. దాని దగ్గర ఎవరూ లేరు.

టీకొట్టు బల్ల మీద కూర్చుని కాగితం తీశాను. తెల్లదానిలాంటిది మా ఊళ్లో బయట కొంటే 3,60,000. టైర్లు, బ్యాటరీ, క్లచ్చు, రంగు కలిసి మరమ్మతులకు 48,000. ఇన్సూరెన్సుకు 9,000, వేలం కంపెనీ రుసుముకు 10,000, అక్కణ్ణుంచి లాక్కుపోవడానికి 4,000. కర్ణాటక నుంచి నిరభ్యంతర పత్రం, హోసూరులో కొత్త రిజిస్ట్రేషను, నంబరు పలకలకు 7,000. ఇక తమిళనాడులో మళ్లీ కట్టవలసిన జీవితకాలపు పన్ను 45,000. కర్ణాటకలో కట్టినదాంట్లో కొంత వాపసు అడగవచ్చు గాని, అది పాత యజమానితోనూ కాగితాలతోనూ ముడిపడిన పని, చేతికొచ్చేదాకా నమ్మేది లేదు. కంటికి కనబడని జబ్బులకు 25,000. మొత్తం 1,48,000. తీసేస్తే మిగిలేది 2,12,000. అంతదాకా పాడితే బయట కొన్నట్టే అయింది, ఇంత తిరుగుడెందుకు? ఇంకో 20,000 తగ్గించి 1,92,000 దగ్గర గీత గీశాను.

బూడిదరంగుదానికి బయట ధర 3,30,000. మరమ్మతులకు 40,000, పేరు మార్పుకు 5,000, ఇన్సూరెన్సు, రుసుము, లాక్కుపోవడం మామూలే, కనబడని జబ్బులకు మళ్లీ 25,000. అన్నీ కలిసి 93,000. మన రాష్ట్రపు బండే కనుక రెండోసారి పన్ను లేదు. మా 20,000 తీసేసినా 2,17,000 దాకా పాడవచ్చు! బెంగళూరు వ్యాపారి దాన్ని ముట్టకపోవడానికి కారణం కూడా ఆ పన్నే. వాడి ఊళ్లో అమ్మాలంటే వాడికి అదే బరువు. వాడికి బరువైనది మాకు తేలిక. సరిహద్దు ఊళ్లలో ఉండే మనవాళ్లందరూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. బరంపురంవాళ్లు విశాఖ వైపు, షోలాపూరువాళ్లు హైదరాబాదు వైపు, యానాంవాళ్లు కాకినాడ వైపు వేలాలకు వెళ్తే, అక్కడ తమ రాష్ట్రపు నంబరుతో దిక్కులేకుండా ఉన్న బండి కోసం ముందు వెతకాలి.

మేనల్లుడు ఆ కారు తలుపు తీశాడు. లోపల టోలు రశీదులు, సీటు కింద చిన్నపిల్ల జడకు పెట్టుకునే క్లిప్పు. వాడి ముఖం మారిపోయింది.

“మామా, ఎవరో పాపం. అమ్మకు తెలిస్తే ఏడ్చినోళ్ల సొమ్ము మనకొద్దంటుంది.”

ఈ మాట చాలామంది ఇళ్లలో వచ్చేదే కనుక నేను వాడికి చెప్పింది ఇక్కడా చెబుతాను. కారు లాక్కుపోయారంటే అప్పు తీరిపోయినట్టు కాదు. వేలంలో వచ్చిన డబ్బు ఆ మనిషి ఖాతాలో జమ అవుతుంది. ఇంకా తక్కువ పడితే ఆ మిగతా బాకీ అతని మీదే ఉంటుంది. బాకీకి మించి వస్తే మిగులు అతనికి తిరిగి ఇవ్వాలి. బండి ఎండలో పడి ఉన్నన్నాళ్లు దాని ధర తగ్గేదే, వడ్డీ పెరిగేదే. కాబట్టి న్యాయంగా పాడి కొన్నవాడు అతని బరువు కొంత దించినవాడే. ఏడిపించేది పాట కాదు, కుమ్మక్కు పాట.

అది కూడా ఆ మర్నాడే కనబడింది. పాటకు అరగంట ముందు ఒక వ్యాపారి టీకొట్టు దగ్గరికి వచ్చి, తెలుగులోనే పలకరించాడు. “అన్నా, ఆ బూడిదరంగు బండి మావాళ్లకు వదిలేయండి. మీరు పాడకుండా ఉంటే ఖర్చులకు ఐదు వేలు ఇస్తాం. తెల్లదాంట్లో మేం మీకడ్డం రాము.” ఆ బండి లారీలో హోసూరుకే పోతుందనీ, అక్కడ అమ్ముతారనీ అర్థమైంది. మేనల్లుడు నా వైపు చూశాడు. నేను, “వద్దప్పా, మా పాట మేం పాడుకుంటాం” అన్నాను. ఆ ఐదు వేలు ఎవరి జేబులోంచి వచ్చేది? ఆ క్లిప్పు పెట్టుకున్న పిల్ల తండ్రి ఖాతాలోంచే కదా!

తెల్లది ముందు వచ్చింది. 1,90,000 దగ్గర మేం ఆగాం. “ఇంకో ఐదు వేలు పోదామా మామా?” అన్నాడు వాడు. కాగితం చూపించాను. అది 2,15,000కు పోయింది. బూడిదరంగుది 1,40,000 నుంచి మెల్లగా లేచింది. ఇద్దరే పోటీ. గడువు మూడుసార్లు సాగింది. 1,98,000 దగ్గర ఎదుటివాళ్లు ఆగారు. నాలుగు రోజుల తరవాత బ్యాంకు ఒప్పుకోలు వచ్చింది.

ఏసీకీ బ్రేకులకూ ఆ 25,000 పూర్తిగా అయిపోయాయి. అన్నీ కలిపి 2,91,000. బయటి ధరకంటే 39,000 తక్కువ. దానికి నాలుగుసార్లు తిరగడం, కాగితాలకు రెండు నెలలు. వేలంలో సగానికి సగం ధరకు దొరుకుతుందని చెప్పేవాళ్లు కొన్నరోజు ధర ఒక్కటే చెబుతారు.

కాగితాల విషయంలో అశ్రద్ధ పనికిరాదు. బ్యాంకు అమ్మకపు ఉత్తరం, పేరు మార్పుకు 29, 30 నంబరు ఫారాలు, అప్పు రద్దుకు 35 అడిగి తీసుకోవాలి. పాత యజమాని ఆర్‌సీ ఇవ్వకపోతే బ్యాంకు 36వ ఫారంతో తన పేర కొత్తది తెచ్చుకోవచ్చు. ఆ పని అయిందా అని డబ్బు కట్టకముందే అడగాలి. ప్రభుత్వ వేలంలో కొంటే 32వ ఫారం, బండి చేతికొచ్చిన 30 రోజుల్లో. ఇన్సూరెన్సు మన పేరుకు మార్చమని 14 రోజుల్లో రాయాలి. ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్నవాడే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు మార్చకపోతే పాపం ఆ పాత మనిషే మళ్లీ కోర్టు మెట్లెక్కాలి.

మన పాఠకుల్లో ఎవరికైనా కారు వాయిదాలు బరువైతే ఒక్క మాట. బండి మైదానం చేరేదాకా ఆగకండి. బ్యాంకుకు వెళ్లి, అనుమతి తీసుకుని, మీరే బయట అమ్మి బాకీ కట్టండి. వేలంలోకంటే ఎక్కువే వస్తుంది, పరువూ నిలుస్తుంది. బలవంతంగా మనుషులను పంపి బండి లాక్కోవడం తగదని సుప్రీంకోర్టు 2007లోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. అటువంటిది జరిగితే ఫిర్యాదు చేయవచ్చు.

ఇప్పుడు మంగళ, శుక్రవారాల్లో బావగారు వెనక సీట్లో కాళ్లు చాపుకుని ఆసుపత్రికి వెళ్తున్నారు. తలుపు మీది గీతలకు రంగు వేయించలేదు. ఆ డబ్బు రెండు నెలల పెట్రోలుకు సరిపోతుందన్నది అక్క లెక్క.