పెళ్ళికి సిగార్ పెట్టె కొనే ముందు

కావలి,
ఫిబ్రవరి

ఒరేయ్ మిత్రమా,

నువ్వు మస్కట్ నుంచి పంపిన సిగార్‌ని మీ మేనల్లుడు నలక్కుండా తెచ్చిచ్చాడు. వైశాఖంలో మీ అమ్మాయి పెళ్ళికి వచ్చే పెద్దమనుషుల కోసం పాతిక పట్టే పెట్టె కొననా, మాననా, తాగి చూసి చెప్పమన్నావు. ఒక్కోటి మన డబ్బుల్లో నాలుగు వేలు, పెట్టె లక్ష. లక్ష రూపాయల మాట కాబట్టి పొగాకు కంపెనీలో బేలు విప్పి ఆకు చూసినట్టే చూశాను. తేలిన మాట ముందే రాసేస్తున్నా: ఈ పెట్టె కొనొద్దు. ఆకు చెడ్డదని కాదు. మంచి ఆకుని వేషం కోసం పాడు చేశారు. అదే నాకు కష్టంగా ఉంది.

చూడ్డానికి మాత్రం కళ్ళు తిప్పుకోలేం. గాజు గొట్టం, లోపల పల్చటి సీడర్ చెక్క పొర, మెడకొకటి నడుముకొకటి బంగారు రంగు కాగితపు పట్టీలు. అన్నిటికీ మించి ఆ పై ఆకు. నల్లటిదొకటి, తేనెరంగుదొకటి పక్కపక్కన పెట్టి మెలికలుగా చుట్టారు. చుట్టిన మనిషి చేతికి దణ్ణం పెట్టాలిరా. రెండు ఆకుల అంచులు ఎక్కడా తొట్రుపడలేదు, ఒక్క ఈనె పైకి తేలలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్ళతో నొక్కి చూశాను. ఎక్కడా గట్టి గడ్డ లేదు, ఖాళీ లేదు.

కంసాలి దగ్గర తూయించాను, పదిహేను గ్రాములు. 2024లో మన రాష్ట్రంలో వర్జీనియా పొగాకు సగటు ధర వేలంలో కిలో 280 రూపాయలు దాటింది. అది మన కలిగిరి, డి.సి.పల్లి రైతులు ఎన్నో ఏళ్ళు ఎదురుచూసిన ధర. ఆ లెక్కన పదిహేను గ్రాముల ఆకు నాలుగు రూపాయల పైచిలుకు. నాలుగు రూపాయల ఆకు నాలుగు వేలెట్లా అయిందని ఎవరైనా అడుగుతారు. కానీ ఆ లెక్క న్యాయం కాదు. మన వర్జీనియాని బ్యారన్‌లో వేడి పెట్టి వారం తిరిగేలోగా పసుపుపచ్చగా దించేస్తాం. అది సిగరెట్ ఆకు. సిగార్ ఆకు వేరు. దానికి నిప్పు సెగ తగలకూడదు. నీడన, గాలికి, నెలన్నర రెండు నెలలు ఆరాలి. ఆ తర్వాత గుట్టగా పేర్చి మండె కట్టాలి. మండె లోపల దానంతటదే వేడెక్కుతుంది, అమ్మోనియా ఘాటు బయటికి పోతుంది. చెయ్యి పెట్టి చూసి, వేడి ముదిరిందనిపిస్తే విప్పి, పైది కిందికి కిందిది పైకి మార్చి మళ్ళీ కట్టాలి. మంచి కంపెనీలు దీన్ని నెలల తరబడి, ముదురు ఆకుకైతే ఏళ్ళ తరబడి చేస్తాయి. పై ఆకుగా పనికొచ్చేది ఎంచితే చిల్లు లేని, మచ్చ లేని ఆకులు కొన్నే మిగుల్తాయి. మన గ్రేడింగ్ షెడ్డుల్లో ఆడవాళ్ళు రోజంతా కూర్చుని ఆకు రంగు చూసి విడదీస్తారు చూడు, ఆ కళ్ళకీ ఆ ఓపికకీ ఇవ్వాల్సిన డబ్బు అది. ఓపికకి ఎంత ఇచ్చినా నాకు బాధ లేదు. నా లెక్కలో నాలుగు వేలలో సగం కూడా దానికి పోలేదు.

వెలిగించడానికి తుమ్మలపెంట వెళ్ళాను. ఒడ్డున కాదు, సరుగుడు తోపు లోపల కూర్చున్నా. సముద్రపు గాలికి ఎదురుగా తాగితే ఎంత మంచి చుట్టయినా ఒకవైపే కాలుతుంది, పొగ వేడెక్కి నోరు మండుతుంది. గాలి నెపం దానిమీద పడకూడదనుకున్నా.

మొదటి మూడో వంతు బ్రహ్మాండంగా ఉంది. పొగ మెత్తగా వచ్చింది, వేయించిన వేరుశనగ వాసన, కాస్త మిరియపు కారం. బూడిద తెల్లగా గట్టిగా నిలిచింది. తిరుచిరాపల్లి చుట్ట బూడిదని షెర్లాక్ హోమ్స్ గుర్తుపట్టినట్టు కోనన్ డాయిల్ 1887లోనే రాశాడు. ఆ రోజుల్లో మద్రాసు రాజధాని చుట్టలకి సీమలో అంత పేరు. బూడిద చూసి ఆకు మంచిచెడ్డలు చెప్పడం కథలోని ముచ్చట కాదురా, మన రోజువారీ పని. ఉప్పునీటి బావుల కింద పెరిగిన ఆకులో క్లోరైడు ఎక్కువై, చెమ్మ పట్టి, నిప్పు నిలవదు. అందుకే సముద్రం పక్క పొలాల ఆకు వస్తే, ముందు ఒక ఆకు అంచు అంటించి మంట ఊదేసి, నిప్పు ఎంతసేపు పాకుతుందో చూసేవాళ్ళం. నీ సిగార్ లోపలి ఆకు ఆ పరీక్షలో గెలిచింది.

సగానికొచ్చేసరికి మొదలైంది తంటా. నల్లాకు మందం, తేనెరంగు ఆకు పల్చన. రెండూ ఒకే వేగాన కాలవు. పల్చటిది ముందుకు పరుగెత్తింది, మందంది వెనక నిలిచిపోయింది. నిప్పు మెట్లు మెట్లుగా దిగుతుంటే మళ్ళీ మళ్ళీ అగ్గిపుల్ల గీసి సరిచెయ్యాల్సొచ్చింది. అలా సరిచేసిన ప్రతిసారీ పొగ చేదెక్కింది. ఆ మెలికలు కంటికే, నాలుకకి కాదు. ఒక్క ఆకుతోనే చుట్టి ఉంటే ఇదే సిగార్ చివరిదాకా హాయిగా కాలేది. చివరి మూడో వంతులో సన్నగా అమ్మోనియా ముక్కుకి తగిలింది. మండెలో ఇంకొన్ని నెలలు ఉండాల్సిన ఆకుని తొందరగా తీశారు. గాజు గొట్టం మీద పెట్టిన డబ్బు ఆ నెలల మీద పెట్టాల్సింది.

వల బాగుచేసుకుంటున్న పెద్దాయనొకరు పక్కనే ఉన్నాడు, పట్టపుపాళెం మనిషి. జీవితమంతా చుట్ట తాగినవాడు. ఒక దమ్ము ఇచ్చాను. కళ్ళు మూసుకుని పీల్చి, పొగ మెల్లగా వదిలి, "ఆకు మంచిదే నైనా, ఆరనివ్వలేదు" అన్నాడు. ధర నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. మాటల్లో తేడా ఉన్నా ఇద్దరం చెప్పింది ఒకటే.

ఖరీదుని బట్టి గొప్పదనుకునేవాళ్ళు మన పెళ్ళికి కూడా వస్తారని నాకు తెలుసు. వాళ్ళకోసం ఒక సంగతి. కొహీబా సిగార్లు 1966లో హవానాలో మొదలయ్యాయి. చాలా ఏళ్ళు అంగళ్ళలోకి రాకుండా కాస్ట్రోకీ, ఆయన కానుకగా ఇచ్చే పరదేశపు నాయకులకీ పరిమితం. 2022లో ప్రపంచమంతా ఒకటే ధర ఉండాలని హాంకాంగ్ ధర స్థాయికి పెంచేశారు. కొన్ని దేశాల్లో రెట్టింపు దాటింది. గిడ్డంగిలో ఉన్న ఆకు ముందురోజు ఎట్లుందో మర్నాడూ అట్లే ఉంది. ఇక సిగార్ వ్యాపారి జీనో డావిడాఫ్‌ని చూడు. 1989లో క్యూబా సరుకు తన పేరుకి తగ్గట్టు లేదని లక్షకు పైగా సిగార్లు తగలబెట్టించి, ఆ దేశంతో తెగతెంపులు చేసుకుని డొమినికన్ రిపబ్లిక్ ఆకుకి మారాడు. ఆ మనిషి మీద నాకు చాలా గౌరవం. ఆకు బాగోలేనప్పుడు తన పేరున్న పట్టీ దాని మెడకి తగిలించడానికి ఒప్పుకోలేదు.

ఇంకో మాట చెప్పకపోతే నీకు స్నేహితుణ్ణి కాను. పెద్ద సిగార్ ఒక్కదాంట్లో సిగరెట్ పెట్టె మొత్తానికి సరిపడా పొగాకు ఉంటుంది. పొగ మింగకపోయినా నోటికి, గొంతుకి క్యాన్సర్ రావచ్చు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళ అంగిళ్ళకి ఏమవుతుందో డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. మీ పెదనాయన గొంతు ఆపరేషన్ తర్వాత పలక మీద రాసి మాట్లాడింది నువ్వూ చూశావు. పొగాకు మీద బతికినవాణ్ణి నేను, ఆకు అందం తెలిసినవాణ్ణి, అయినా పెళ్ళిపందిట్లో పళ్ళెంలో పెట్టి కుర్రాళ్ళ ముందు తిప్పే వస్తువు కాదిది. పెట్టె తెస్తే జరిగేది అదే.

నీకు మరీ మనసుగా ఉంటే ఇట్లా చెయ్యి. అదే కంపెనీవాళ్ళు ఒకే రంగు ఆకుతో, గాజు గొట్టం లేకుండా, ఒక్క పట్టీతో చుట్టినవి ఉంటాయి. ధర సగమైనా ఉండదు. అవి ఐదు తీసుకో. వియ్యంకుడికొకటి, నిజంగా సిగార్ తెలిసిన మీ ఆఫీసు పెద్దలకి మూడు, మన ఇద్దరికీ కలిపి ఒకటి. కొనేటప్పుడు మొదలు దగ్గర ముక్కు పెట్టి చూడు. పశువుల కొట్టం వాసన కాస్త ఉంటే తప్పు లేదు, అమ్మోనియా కొడితే మాత్రం వెనక్కి ఇచ్చెయ్. పై ఆకు మీద గుండుసూది చిల్లులుంటే పురుగు పట్టిందని లెక్క. మన వైశాఖపు ఎండల్లో ఆకులో దాగిన గుడ్లు పగిలి పురుగులొస్తాయి, అందుకని తెచ్చినరోజే నాకివ్వు. గట్టి మూత ఉన్న డబ్బాలో, చెమ్మ సరిచూసే పొట్లం వేసి, మా ఏసీ గదిలో పెడతాను. ఫ్రిజ్‌లో మాత్రం ఎవరూ పెట్టకుండా మీ ఆవిడకి చెప్పు. అక్కడ ఆకు ఎండిపోయి, చేపల పులుసు వాసన పడుతుంది.

మిగిలిన డబ్బు సంగతి అమ్మాయిని అడుగు.

నీ స్నేహితుడు