ఎనభై శాతం నేల

న్యూయార్క్‌లో అద్దె ఇళ్ళ ప్రకటనల్లో తరచుగా కనిపించే మాట ‘హార్డ్‌వుడ్ ఫ్లోర్స్’. వంటగదిలో ఇద్దరు నిలబడే చోటుండదు. పడకగది కిటికీ తీస్తే పక్కింటి ఇటుకగోడ. అయినా నేల మాత్రం అసలు సిసలు ఓక్ చెక్క. తలుపు తీయగానే ఎండ దానిమీద పడుతుంటే, నెల అద్దెకి నలభై రెట్లు ఏడాది ఆదాయం చూపించాలన్న సంగతి కూడా కాసేపు మర్చిపోతాం.

తర్వాత లీజు చేతికిస్తారు. చాలా లీజుల్లో ఓ షరతు ఉంటుంది: వంటగది, బాత్రూం తప్ప మిగతా గదుల్లో నేలని ఎనభై శాతం తివాచీలతో కప్పాలి. ఇది నగరం చేసిన చట్టం కాదు, ఓనర్లు రాసుకునే నిబంధన. దేన్ని చూసి ఇల్లు ఖాయం చేసుకున్నామో దాన్నే కప్పెయ్యమంటారు. పట్టుచీర కొనిచ్చి దుప్పటి కప్పుకు తిరగమన్నట్టుంటుంది.

అయితే షరతు వెనక కారణం లేకపోలేదు. జాక్సన్ హైట్స్‌లో మేముండే వంద ఏళ్ళ నాటి బిల్డింగుకి బయట ఇటుక గోడలున్నా లోపల దూలాలు చెక్కవే. వాటి మీద బల్లలు, ఆ పైన రెండుంబావు అంగుళాల వెడల్పు ఓక్ పలకలు. ఒకదాని అంచు పక్కదాని గాడిలో దూరి, మేకులు పైకి కనబడవు. చూపుకి ముచ్చటే. కానీ మడమ ఆనిన ప్రతిసారీ దూలం అదురుతుంది, కిందింటి సీలింగు మోగుతుంది. రాత్రి మంచినీళ్ళకి లేస్తే ఏ పలక కిర్రుమంటుందో ఇంట్లో అందరికీ తెలుసు.

చలికాలం ఇంకో వింత. అక్టోబరు 1 నుంచి మే 31 దాకా ఓనరు హీటింగ్ ఇవ్వాలి. పగలు బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తగ్గితే లోపల 68 ఉండాలి. రేడియేటరు వేడికి గాలి పొడారి, చెక్క కుంచించుకుపోయి పలకల మధ్య సందులు పడతాయి. పోపు పెట్టేటప్పుడు ఎగిరి వంటగది గుమ్మం దాటిన ఆవాలు అందులోకి జారతాయి. జులై ఉక్కకి చెక్క ఉబ్బి సందు మూసుకుంటుంది. ఆవాలు మళ్ళీ చలికాలం దాకా అక్కడే.

గుంటూరు నుంచి అమ్మ వచ్చినప్పుడు మొదట అడిగింది బకెట్టు. నీళ్ళు పోసి కడగకూడదని, గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలని చెప్పాను. నీళ్ళు నిలిస్తే పలకల అంచులు పైకి లేస్తాయి. “పండగపూట కూడా కడగని నేలకి ఇంత అద్దా, ఒరేయ్?” అంది. దానికి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు మెరుపు చూసి మోసపోకూడదు. మెరుపంతా పైన పూసిన పాలియురెథేన్‌ది. రేడియేటరు వాల్వు కింద నల్లటి మరక ఉందేమో వంగి చూడాలి. నీళ్ళు కారితే రేడియేటరు ఇనుము ఓక్‌లోని టానిన్‌తో కలిసి అలా నల్లబడుతుంది. దిగిన రోజే ఫోటోలు తీసుకోవాలి. 2019 నుంచి న్యూయార్క్‌లో డిపాజిట్ ఒక నెల అద్దెకి మించకూడదు. మామూలు వాడకం అరుగుదలకి అందులో కోత పెట్టకూడదు. ఖాళీ చేశాక 14 రోజుల్లో లెక్క చూపించి మిగతాది ఇవ్వాలి. కుర్చీ ఈడ్చిన లోతు గీత అరుగుదలా, నష్టమా అన్నది మాత్రం వాదనే. కుర్చీల కాళ్ళకి ఫెల్టు ముక్కలు అంటించుకోవడం నయం.

ఎనభై శాతాన్ని టేపు పెట్టి కొలవడానికి ఎవరూ రారు, కిందింటివాళ్ళు ఫిర్యాదు చేస్తే తప్ప. తివాచీ ఎంత ఖరీదైనా పలచగా ఉంటే లాభం లేదు. దాని కింద మందపాటి ప్యాడ్ వేస్తేనే అడుగుల చప్పుడు తగ్గుతుంది. రోటి కింద అమ్మ ఓ పాత బొంత కూడా మడిచి పెట్టింది. సంక్రాంతికి కిందింటావిడకి అరిసెలు పంపాం. చాలా బాగున్నాయంది. బియ్యం దంచింది ఆవిడ నెత్తిమీదేనని మేం చెప్పలేదు.