పదిహేనుకీ యాభైకీ మధ్య

రేగడి నేలలో తిరిగిన కారుని పైపెయింటు చూసి అంచనా వెయ్యకూడదు. ముందు చక్రం విప్పి, మడ్‌గార్డు లోపలికి చెయ్యి పోనిచ్చి, డోరుకి దగ్గరగా ఉండే వెనక మూల తడమాలి. అక్కడ ఫెండరుకీ బాడీకీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు ఉంటుంది. వానాకాలంలో చక్రం విసిరిన నల్లమట్టి ఆ సందులో చేరుతుంది. ఎండలకి గట్టిపడుతుంది, మళ్ళీ వానలకి నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఇసుకమట్టి అయితే ఆరి రాలిపోయేది. రేగడి రాలదు. చెమ్మని నెలల తరబడి రేకుకి అంటించి ఉంచుతుంది. పత్తి చేనుకి మేలు చేసే గుణమే కారుకి కీడు చేస్తుంది. మా మారుతి 800లో ఆ మూలల మట్టిని స్క్రూడ్రైవరుతో పెకలిస్తే రెండు పక్కలా కలిపి ఒక బొచ్చె నిండింది. మట్టితోపాటు రేకు కూడా పొరలు పొరలుగా ఊడొచ్చింది. బయట పెయింటు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది.

ఆ బండి 1987 మోడల్. మా నాన్నగారు గుంటూరు మిర్చియార్డులో కమిషన్ వ్యాపారం చేసే రోజుల్లో కొన్నారు. నరసరావుపేట, చిలకలూరిపేట, సత్తెనపల్లి ఊళ్ళల్లో రైతుల కళ్ళాల దగ్గరికి దాంట్లోనే వెళ్ళేవారు. ఇప్పటికీ సీటు కింద ఎక్కడో మిరప గింజ ఒకటి దొరుకుతుంది.

మారుతి 800ని జపాన్ స్పోర్ట్స్ కార్ల ప్రస్తావనలోకి తెస్తే కుర్రాళ్ళకి విడ్డూరంగా ఉంటుంది. కానీ బంధుత్వం నిజమే. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ తాళాలు అందించిన మొదటి 800 సుజుకి వాళ్ళ ఎస్‌ఎస్80. 1986లో దాని స్థానంలో వచ్చింది రెండో తరం సుజుకి ఆల్టో బాడీ. సరిగ్గా ఆ తరం ఆల్టోలోనే సుజుకి 543 సీసీ, మూడు సిలిండర్ల ట్విన్‌క్యామ్ టర్బో ఇంజన్ పెట్టి 1987 ఫిబ్రవరిలో జపాన్‌లో ‘ఆల్టో వర్క్స్’ విడుదల చేసింది. 64 హార్స్‌పవర్. అక్కడి చిన్నకార్ల తరగతిలో ఎవరూ 64 దాటకూడదని కంపెనీలన్నీ పెట్టుకున్న కట్టుబాటుకి ఆ బండే మూలం. మన దానికి 796 సీసీ, అవే మూడు సిలిండర్లు, నలభైకి కాస్త తక్కువ హార్స్‌పవర్, నాలుగు గేర్లు. బరువు మిర్చి లెక్కన సుమారు ఆరున్నర క్వింటాళ్ళు. పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి రోడ్డు మీది ప్రతి గతుకూ చేతికి తెలుస్తుంది. తేలికపాటి బండి నడపడంలో ఉండే ఆ చురుకుదనం ఇప్పటి కార్లలో నాకు దొరకలేదు. జపాన్‌లో వర్క్స్‌ని అంత అపురూపంగా చూసుకునేవాళ్ళు మా బండి తలుపు తెరిస్తే ఇంటి చుట్టాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు.

మన దగ్గర దాన్ని గుర్తించే చట్టమే లేదు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకి ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము 600 నుంచి 5,000 అయింది. 2025లో, ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. రెండో కొసన 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధన ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మొదటి రూపంలోనే ఉంటే 20,000 రూపాయలతో పదేళ్ళ రిజిస్ట్రేషన్, ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేకమైన నంబరు పలక ఇస్తారు. పదిహేను దాటితే ముసలిది, యాభై దాటితే అపురూపమైనది. మధ్యలోని ముప్పై అయిదేళ్ళు దానికి పేరేమీ లేదు. మా బండి 2037 దాకా ఆగాలి.

వస్తువులు పోయేది ఆ మధ్యకాలంలోనే. మొదటి మారుతి సంగతే చూడండి. తాళాలు అందుకున్న హర్‌పాల్ సింగ్ గారు జీవితాంతం ఆ కారే నడిపారు. 2010లో ఆయన పోయాక అది ఢిల్లీలో వాళ్ళింటి దగ్గర వీధిలోనే తుప్పు పట్టింది. దేశాన్ని కారెక్కించిన బండి అది, కాగితాల మీద కూడా నంబర్ వన్. దానికే ఆ గతి పట్టింది. తర్వాత కంపెనీ దాన్ని బాగుచేసి తమ ప్రధాన కార్యాలయంలో పెట్టింది కాబట్టి సరిపోయింది. 26 లక్షలకి పైగా అమ్ముడైన బండిలో మిగతా వాటిని ఎవరు వెతుకుతారు?

మా గుంటూరుకి ముప్పై పైచిలుకు కిలోమీటర్ల దూరంలోని అమరావతికి ఈ విషయం అందరికంటే బాగా తెలుసు. 1790ల్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ పట్నం కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె జనానికి ఒక ఇటుకల దిబ్బ. పూజలందుకునే మహాచైత్యంగా దాని కాలం ఎప్పుడో అయిపోయింది. చరిత్రగా దాని కాలం ఇంకా రాలేదు. ఇటుకలు ఇళ్ళకి పోయాయి, పాలరాయి సున్నపు బట్టీకి పోయింది. 1797లో వచ్చి చూసిన ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చేసరికి చాలా భాగం లేదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరి, 1859లో ఎన్నో లండన్ వెళ్ళాయి. కారుకీ చైత్యానికీ పోలికేమిటని కోప్పడకండి. గొప్పదనం సంగతి కాదు నేను చెప్పేది, ఏ దశలో చెయ్యి జారుతుందన్న సంగతి.

జపాన్ కంపెనీలు దీన్ని పసిగట్టాయి. డాట్సన్ 240జెడ్ ఎంత అందమైన కారో అంత తొందరగా తుప్పు పట్టే కారు. బ్యాటరీ కింది పళ్ళెం, ఫ్లోరు, వెనక చక్రాల ముందు మూలలు లోపలినుంచి తినేసుకుపోతాయి. 1990ల చివర్లో నిస్సానే అమెరికాలో పాత 240జెడ్‌లు సేకరించి, పూర్తిగా బాగుచేయించి తన డీలర్ల దగ్గర అమ్మింది. 1989లో వచ్చిన మాజ్డా రోడ్‌స్టర్‌ని మాజ్డా 2017లో మళ్ళీ చేతికి తీసుకుంది. గుడ్డ టాపు, చెక్క స్టీరింగు మళ్ళీ చేయించింది. ఆనాటి టైరుని బ్రిడ్జ్‌స్టోన్ మళ్ళీ అచ్చు పోసింది. అదే ఏడాది డిసెంబరులో నిస్సాన్ వాళ్ళ స్పోర్ట్స్ విభాగం నిస్మో 1989 నాటి ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్‌కి విడిభాగాలు మొదలుపెట్టింది. 2020లో టయోటా సుప్రాకీ, 2000జీటీకీ అదే పని చేసింది. 1960ల నాటి 2000జీటీ తప్ప తక్కినవన్నీ అప్పటికి యాభై నిండనివి, పాతికకీ ముప్పై అయిదుకీ మధ్య వయసువి. ఎప్పుడు పట్టుకోవాలో వాళ్ళు సరిగ్గా లెక్కేశారు.

మనకి ఆటోనగర్లున్నాయి. గుంటూరుదీ, బెజవాడ జవహర్ ఆటోనగరూ పెద్ద ఆసరా. 800 ఇంజన్ సామాను దొరకదన్న బెంగ లేదు. పిస్టన్, రింగులు, టైమింగ్ బెల్టు, హెడ్ గ్యాస్కెట్, కార్బొరేటర్ కిట్టు అడిగితే చాలు. దొరకనివి చిన్నవి. డోరు బీడింగులు, వెనక లైటు అద్దాలు, డ్యాష్‌బోర్డు మీది నాబులు, కంపెనీ అక్షరాలు. పాత బండి తుక్కుకి వెళ్ళేటప్పుడు ఇంజన్ కోసం అందరూ ఎగబడతారు, ఇవి మట్టిలో కలుస్తాయి. చేతనైనంత వరకూ నేను వీటినే సేకరించి పాత గుడ్డల్లో చుట్టి పెడతాను.

రేకు పనికి టింకరింగ్ మేస్త్రీ దగ్గరికి వెళ్తే ఆయన మొదటి మాట, “లప్పం పెట్టి కొట్టేద్దాం సార్, కొత్తబండిలా ఉంటది.”

“లప్పం వద్దు మేస్త్రీ. కుళ్ళింది కోసేసి కొత్త రేకు వెయ్యాలి.”

“పని చానా ఉంటది సార్. బండి విలువకి మించిపోద్ది.”

“పోనీండి. నాకు రేకే కావాలి.”

ఒప్పుకున్నాక ఆయన చేసిన పని చూసితీరాలి. మెరిసే ఇనుము కనబడేదాకా కోశాడు. కేలండరు అట్ట కత్తిరించి ఆ కంతకి ఆనించి, వంపు గీసుకుని, పల్చటి రేకుని అదే ఆకారానికి సుత్తితో మెత్తగా కొట్టాడు. గ్యాస్ వెల్డింగ్ వేడికి ఇంత పల్చటి రేకు మెలికపడుతుంది కాబట్టి సీవో2 వెల్డింగ్ వాడాడు. అదీ ఒక్క గీతగా కాదు, ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, మధ్యలో చల్లారనిస్తూ. గ్రైండర్ పెట్టాక వేలితో రాస్తే అతుకు తెలియలేదు. అదే సాయంత్రం ప్రైమర్ పడాలని నేను పట్టుబట్టాను. మన గాలిలో ఉత్త ఇనుము ఒక్క రాత్రి ఉంటే తెల్లారేసరికి ఎర్రటి పొర కడుతుంది, దాని మీద ఎంత మంచి పెయింటు కొట్టినా బొబ్బలే. పాత 800 కొనేవాళ్ళు చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి. అంటుకోని చోట లప్పం ఉంది.

ఇక ఇంటి దగ్గర జాగ్రత్తలు. బండిని మట్టినేల మీద ఉంచకూడదు, రాత్రిపూట నేలలోంచి వచ్చే ఆవిరి అడుగున పడుతుంది. మేం మాచర్ల నాపరాళ్ళు పరిపించాం. ప్లాస్టిక్ కవరు కప్పడమంటే చెమ్మని మూటకట్టడమే. గాలాడే నూలుగుడ్డ కవరు దర్జీ చేత కుట్టించుకోవచ్చు, పత్తి పండే చోట గుడ్డకి కొదవా! డోర్ల అడుగున నీళ్ళు పోయే చిన్న కంతలుంటాయి, సన్నటి తీగతో వాటిని అప్పుడప్పుడూ పొడవాలి. అవి మూసుకుంటే డోరు లోపల నీళ్ళు నిలిచి కింది అంచు పోతుంది. వైర్లకి ఎలుకల బెడద. పాత డ్రైవర్లు బానెట్ కింద పొగాకు కాడలు కట్ట కట్టి పెట్టేవారు, నేనూ అదే చేస్తున్నాను. పొగాకు బోర్డు ఉన్న ఊళ్ళో ఇంకేం వెతకాలి?

ఇప్పటి పెద్ద చిక్కు పెట్రోలు. బంకుల్లో వచ్చే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు 1987 నాటి రబ్బరుకి పడదు. గొట్టాలు మెత్తబడి పగులుతాయి, కార్బొరేటర్ వాషర్లు ఉబ్బుతాయి. పైగా ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. బండి చాలాకాలం ఆగితే ఆ నీళ్ళు ట్యాంకు అడుక్కి దిగి తుప్పు మొదలవుతుంది. అందుకే ఇథనాల్‌ని తట్టుకునే గొట్టాలు వేయించాం. కొన్నాళ్ళు కదపనని తెలిస్తే కార్బొరేటర్ చాంబరులోని పెట్రోలు వంపేస్తాను. అసలు మందు నడపడం. నిలబెట్టి స్టార్ట్ చేసి ఆపితే సైలెన్సర్‌లో నీరు చేరడం తప్ప లాభం లేదు, ఇంజన్ బాగా వేడెక్కాలి. తెల్లవారుజామున గోరంట్ల, లాం, తాడికొండ అడ్డరోడ్డు, మోతడక మీదుగా అమరావతి వెళ్ళి, కృష్ణ ఒడ్డున కాసేపు కూర్చుని వచ్చేస్తే బండికి కావలసిన వ్యాయామం అయిపోతుంది. మూడో గేరులో ఆ చిన్న ఇంజన్ చేసే చప్పుడు నాకెంతో ఇష్టం. వెళ్ళేముందు రేడియేటర్ నీళ్ళు చూసుకోవాలి. అల్యూమినియం హెడ్ ఒక్కసారి వేడెక్కి వంగిందంటే ఖర్చంతా అక్కడే.

మా మేనల్లుడికి ఈ బండంటే ప్రాణం. “మామయ్యా, ఎర్ర రంగు కొట్టించి, పెద్ద వీల్స్ వేయిద్దాం. ఇంజన్ కూడా మార్చేద్దాం,” అంటాడు. వాడి ఉత్సాహం నాకు నచ్చుతుంది. కానీ 2037లో వీఏ నంబరు అడగడానికి వెళ్ళేది వాడే, ఇంజన్ మార్చిన బండికి ఆ నంబరు ఇవ్వరు. అందుకని కార్బొరేటర్ విప్పి శుభ్రం చెయ్యడం, ప్లగ్గుల రంగు చూసి ఇంజన్ ఆరోగ్యం చెప్పడం నేర్పుతున్నాను. రంగు మాత్రం ఎక్కడ చెక్కు ఊడితే అక్కడే కొట్టిస్తున్నాం. యార్డు గేటు దగ్గర నాన్నగారి కాలంలో పడిన చిన్న నొక్కుని అలాగే ఉంచాం.

ప్రభుత్వాన్ని అడగవలసింది ఒకటుంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా లెక్కలో ముప్పై ఏళ్ళు నిండి, మొదటి రూపంలో ఉన్న బండి చారిత్రక వాహనం. జర్మనీలో ముప్పై ఏళ్ళు దాటి చక్కగా ఉంచిన కారుకి నంబరు చివర ‘హెచ్’ అక్షరం ఇస్తారు. మన యాభైని ముప్పై చేస్తే చాలు. రోజూ తిప్పకూడదని షరతు పెట్టినా సంతోషమే. ఆ లెక్కన మా బండికి 2017లోనే ఆ హోదా వచ్చేది. 2014 జనవరి 18న తయారీ ఆగినప్పుడు వచ్చిన చివరి 800లకి కూడా 2044లో వస్తుంది. వాటిలో కొన్ని ఈ రోజుకీ పల్నాడు ఊళ్ళల్లో పాలక్యాన్లు మోస్తూ, పిల్లల్ని బడికి దింపుతూ తిరుగుతూనే ఉన్నాయి.